లైబ్రరీల గొడవ డిస్క్ మీదా, లోడర్‌లోనా, ప్రాసెస్ లోపలా? ముందు అది తేల్చుకోండి

తర్వాత చదివేవాళ్లకి కూడా అర్థమయ్యేలా ముందు మీ ప్రశ్నని క్లుప్తంగా చెప్తాను. మీది సీ++ లో రాసిన డెస్క్‌టాప్ అప్లికేషన్. లైనక్స్‌లో ఉబుంటు 20.04 మీద బిల్డ్ చేసి, ఒకే డెబ్ ప్యాకేజీని (డెబియన్, ఉబుంటులలో వాడే ఇన్‌స్టాల్ ఫైల్) ఉబుంటు 22.04, 24.04, డెబియన్ 12 వాడేవాళ్లందరికీ ఇవ్వాలి. మీరు వాడే ఒక ప్లగిన్ వేరే కంపెనీది, సోర్స్ లేదు, దానికి ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 1.1 కావాలి. ఆ మూడు సిస్టమ్‌లలో ఉన్నది ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 3. అందుకని బిల్డ్ మెషీన్‌లో ఉన్న లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్, లిబ్‌క్రిప్టో (ఈ రెండూ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌వి), లిబ్‌కర్ల్ (నెట్ నుంచి డేటా తెచ్చేది), లిబ్‌ఎస్‌టీడీసీ++ (సీ++ ప్రామాణిక లైబ్రరీ) నాలుగూ కాపీ చేసి ప్యాకేజీలో పెట్టారు. మొదట సిస్టమ్ లైబ్రరీ డైరెక్టరీలోనే పెడితే, లిబ్‌కర్ల్ ఫైల్ వేరే ప్యాకేజీది కూడా కాబట్టి ప్యాకేజీలు ఇన్‌స్టాల్ చేసే డీపీకేజీ ఒప్పుకోలేదు. తర్వాత ఆప్ట్ కింద మీ సొంత డైరెక్టరీకి మార్చి, లైబ్రరీలని ఎక్కడ వెతకాలో చెప్పే ఎల్‌డీ లైబ్రరీ పాత్‌ని సెట్ చేసే షెల్ స్క్రిప్ట్‌తో అప్లికేషన్ నడిపారు. ఇప్పుడు అప్లికేషన్ తెరుచుకుంటోంది గానీ, హెల్ప్ లింక్ నొక్కితే బ్రౌజర్ రావడం లేదు, కొన్ని మెషీన్లలో ఓపెన్‌జీఎల్ డ్రైవర్ లోడ్ కాలేదని ఎర్రర్ వస్తోంది.

చిన్న సమాధానం: ఆ నాలుగు లైబ్రరీల్లో రెండింటిని మీరు మోయాల్సిన అవసరమే లేదు. మిగిలిన రెండింటికి ఎల్‌డీ లైబ్రరీ పాత్ సరైన దారి కాదు. ఎందుకో వివరంగా చెప్తాను, ఎందుకంటే కారణం తెలియకుండా నేను చెప్పింది చేస్తే వచ్చే ఏడాది ఇంకో లైబ్రరీతో మళ్లీ ఇక్కడికే వస్తారు.

లైబ్రరీలు కొట్టుకుంటున్నాయని మనం ఒకే మాట అంటాం గానీ, ఆ గొడవ మూడు వేర్వేరు చోట్ల జరగొచ్చు. మొదటిది డిస్క్ మీద: రెండు ప్యాకేజీలు ఒకే పాత్‌లో ఒకే ఫైల్ పెట్టాలనుకుంటాయి. రెండోది లోడర్ (ప్రోగ్రామ్‌కి కావాల్సిన లైబ్రరీలని వెతికి మెమరీలోకి తెచ్చేది) దగ్గర: ఫైళ్లు వేర్వేరు చోట్లే ఉన్నా, ప్రోగ్రామ్ మొదలయ్యేటప్పుడు ఏ కాపీ దొరుకుతుందన్నది తేడా వస్తుంది. మూడోది ప్రాసెస్ లోపల: రెండు వెర్షన్లూ మెమరీలోకి వచ్చేశాక, ఒకే పేరున్న ఫంక్షన్‌ని పిలిస్తే ఏ లైబ్రరీలోది నడుస్తుందన్నది తేడా వస్తుంది. ఒక చోటి మందు ఇంకో చోట పనిచేయదు. మీకు డీపీకేజీ ఇచ్చిన ఎర్రర్ మొదటి రకం. మీరు దానికి వాడిన మందు రెండో రకం గొడవలు రెండు కొత్తగా తెచ్చిపెట్టింది.

డీపీకేజీ ఎర్రర్‌ని ఫోర్స్ ఓవర్‌రైట్ ఆప్షన్‌తో నోరు మూయించమని చాలాచోట్ల సలహా కనిపిస్తుంది. దయచేసి మీ యూజర్లకి ఎప్పుడూ ఆ సలహా ఇవ్వకండి. అలా చేశాక మీ ప్యాకేజీ తీసేస్తే ఆ ఫైల్ కూడా పోతుంది, దానితో పాటు లిబ్‌కర్ల్ మీద ఆధారపడ్డ సగం సిస్టమ్ పడుకుంటుంది. నిజానికి డెబియన్‌లో షేర్డ్ లైబ్రరీలు పక్కపక్కన బతకడానికి చక్కటి ఏర్పాటు ఉంది. ప్రతి లైబ్రరీ లోపల సోనేమ్ అని ఒక పేరు రాసి ఉంటుంది, ఉదాహరణకి లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్.ఎస్‌ఓ.3. పాత ప్రోగ్రామ్‌లతో పొసగని మార్పు వస్తే ఆ పేరు చివర నంబర్ మారాలి, ప్యాకేజీ పేరులో కూడా ఆ నంబర్ ఉండాలి. అందుకే లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్1.1, లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్3 అనే రెండు ప్యాకేజీలు ఒకే సిస్టమ్‌లో గొడవ లేకుండా ఉండగలవు, ఫైల్ పేర్లే వేరు కాబట్టి.

ఈ నియమం తప్పితే ఏమవుతుందో లిబ్‌కర్ల్ చరిత్రే చెప్తుంది. ఉబుంటు 18.04 నాటికి ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 1.0 నుంచి 1.1 కి మారాల్సి వచ్చింది. లిబ్‌కర్ల్‌లో ఒక కాల్‌బ్యాక్ ఉంది, అది ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ కాంటెక్స్ట్ ఆబ్జెక్ట్‌ని నేరుగా మీ ప్రోగ్రామ్ చేతికి ఇస్తుంది. అంటే లోపలి ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ మారితే, బయటికి లిబ్‌కర్ల్ అలాగే ఉన్నా, దాన్ని వాడే ప్రోగ్రామ్ కూలిపోవచ్చు. అందుకని డెబియన్ వాళ్లు ప్యాకేజీ పేరుని లిబ్‌కర్ల్3 నుంచి లిబ్‌కర్ల్4 కి మార్చారు, సింబల్ వెర్షన్‌ని (లైబ్రరీలోని ఫంక్షన్ల పేర్లకి తగిలించే వెర్షన్ ముద్ర) కర్ల్ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 3 నుంచి 4 కి మార్చారు. కానీ రెండు ప్యాకేజీల్లోనూ అసలు ఫైల్ పేరు లిబ్‌కర్ల్.ఎస్‌ఓ.4 గానే ఉండిపోయింది. ఫలితం, రెండూ కలిసి ఇన్‌స్టాల్ కావు. పాత ప్రోగ్రామ్ కోసం ఒకటి పెడితే కమాండ్ లైన్ కర్ల్ పోయేది, కర్ల్ పెడితే పాత ప్రోగ్రామ్ పోయేది. ఆ రోజుల్లో దీని మీద వచ్చిన ప్రశ్నలకి లెక్కే లేదు.

ఇదే విషయం మరో రూపంలో 2024లో చూశాం. 32 బిట్ ప్లాట్‌ఫామ్‌లలో సమయాన్ని దాచే టైమ్ టీ అనే డేటా రకాన్ని 64 బిట్‌కి మార్చినప్పుడు డెబియన్, ఉబుంటు చాలా లైబ్రరీ ప్యాకేజీల పేర్ల చివర టీ64 చేర్చాయి. లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్3 కాస్తా లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్3టీ64 అయింది, సోనేమ్ మాత్రం మారలేదు. మీ ప్యాకేజీ 24.04లో కూడా నడవాలి కాబట్టి ఇది మీకు నేరుగా సంబంధించిన విషయమే. భయపడాల్సింది లేదు: ఏఎండీ64 (మామూలు 64 బిట్ పీసీలు) మీద కొత్త ప్యాకేజీలు పాత పేరుని కూడా తీరుస్తామని ప్రొవైడ్స్‌లో చెప్తాయి, కాబట్టి మీకు కావాల్సినవి రాసే డిపెండ్స్‌లో లిబ్‌కర్ల్4 అని రాసినా 24.04లో సరిపోతుంది.

ఇక మీ నాలుగు లైబ్రరీల దగ్గరికి వద్దాం.

లిబ్‌ఎస్‌టీడీసీ++ తీసేయండి. మీ రెండు సమస్యలకీ మూలం ఇదే. ఈ లైబ్రరీ సోనేమ్ జీసీసీ కంపైలర్ 3.4 కాలం నుంచి 6 దగ్గరే ఆగి ఉంది. కొత్త ఫంక్షన్లు వచ్చినప్పుడల్లా జీఎల్‌ఐబీసీఎక్స్‌ఎక్స్ 3.4.28, 3.4.30 అంటూ సింబల్ వెర్షన్లు కలుపుతూ పోతారు, పాతవి తీసేయరు. అంటే కొత్త లైబ్రరీ పాత ప్రోగ్రామ్‌ని నడుపుతుంది, పాత లైబ్రరీ కొత్త ప్రోగ్రామ్‌ని నడపలేదు. ఉబుంటు 20.04లో ఉన్నది 3.4.28 వరకు, 22.04లో 3.4.30 వరకు. ఇప్పుడు జరుగుతున్నది చూడండి. మీ ప్రోగ్రామ్ మొదలవగానే ఎల్‌డీ లైబ్రరీ పాత్ వల్ల మీ పాత లిబ్‌ఎస్‌టీడీసీ++ లోడ్ అవుతుంది. కాసేపటికి ఓపెన్‌జీఎల్ కోసం సిస్టమ్ వాళ్ల మేసా గ్రాఫిక్స్ డ్రైవర్ లోడ్ అవుతుంది, దానితో ఎల్‌ఎల్‌వీఎమ్ అనే కంపైలర్ లైబ్రరీ వస్తుంది. ఎల్‌ఎల్‌వీఎమ్ 22.04 కంపైలర్‌తో తయారైంది, దానికి 3.4.30 కావాలి. కానీ ఒక ప్రాసెస్‌లో లిబ్‌ఎస్‌టీడీసీ++.ఎస్‌ఓ.6 అనే సోనేమ్ ఇప్పటికే ఉంటే లోడర్ మళ్లీ వెతకదు, ఉన్నదే ఇస్తుంది. అందులో 3.4.30 లేదు, డ్రైవర్ లోడ్ కాదు. కొన్ని మెషీన్లలోనే ఎందుకు అంటే, అందరి గ్రాఫిక్స్ డ్రైవర్లూ ఎల్‌ఎల్‌వీఎమ్‌ని లాక్కురావు.

బ్రౌజర్ కథ కూడా ఇదే. ఎల్‌డీ లైబ్రరీ పాత్ అనేది ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్, కాబట్టి మీ ప్రోగ్రామ్ పుట్టించే ప్రతి చైల్డ్ ప్రాసెస్‌కీ వారసత్వంగా వెళ్తుంది. లింకులు తెరిచే ఎక్స్‌డీజీ ఓపెన్‌కి, అక్కణ్నుంచి బ్రౌజర్‌కి. మీ పాత లైబ్రరీలతో సిస్టమ్ బ్రౌజర్ లేవలేకపోతోంది. ఎల్‌డీ లైబ్రరీ పాత్ డెవలపర్ తన మెషీన్‌లో ఏదో పరీక్షించి చూసుకోవడానికి మంచి సాధనం. ప్యాకేజీలో పెట్టి పంపేది కాదు.

మీరు అత్యంత పాత టార్గెట్ కన్నా పాతదైన 20.04 మీద బిల్డ్ చేస్తున్నారు, అది మంచి పద్ధతి, అలాగే కొనసాగించండి. అప్పుడు టార్గెట్లలో ఉన్న లిబ్‌ఎస్‌టీడీసీ++ ఎప్పుడూ మీకు కావాల్సినదానికన్నా కొత్తదే అవుతుంది. కొత్త కంపైలర్ కావాలి గానీ పాత సిస్టమ్‌లలో నడవాలి అనుకునేవాళ్లకి రెడ్ హ్యాట్ జీసీసీ టూల్‌సెట్ పద్ధతి గమనించదగ్గది: సిస్టమ్ లైబ్రరీలో ఉన్నంతవరకు దాన్నే వాడుకుని, లేని కొత్త భాగాలని మాత్రం స్టాటిక్‌గా ప్రోగ్రామ్‌లో కలిపేస్తుంది. ఏ కారణం చేతైనా లిబ్‌ఎస్‌టీడీసీ++ మోయక తప్పకపోతే, మొదలయ్యేటప్పుడు సిస్టమ్ కాపీని మీ కాపీతో పోల్చి రెండిట్లో కొత్తదాన్ని ఎంచుకోవాలి. గేమ్‌లు నడిపే స్టీమ్ రన్‌టైమ్ చేసేది అదే.

ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి దాదాపు అన్ని ప్రోగ్రామ్‌లకీ పునాది అయిన సీ లైబ్రరీ గ్లిబ్‌సీ గురించి ఒక్క మాట. దాన్ని విడిగా కాపీ చేసి పెట్టుకోవద్దు. లోడర్‌కీ లిబ్‌సీకీ (రెండూ గ్లిబ్‌సీలో భాగాలే) లోపల గట్టి ముడి ఉంటుంది, రెండూ ఒకే బిల్డ్‌వి కావాలి. లోడర్ పాత్ ఏమో ప్రతి ఎగ్జిక్యూటబుల్‌లో పూర్తి పాత్‌గా రాసి ఉంటుంది. జీఎల్‌ఐబీసీ (అంటే గ్లిబ్‌సీ) 2.34 దొరకలేదు అనే ఎర్రర్ చాలామందికి పరిచయమే. 2021లో వచ్చిన ఆ వెర్షన్‌లో లిబ్‌పీథ్రెడ్, లిబ్‌డీఎల్ లాంటివన్నీ లిబ్‌సీలోనే కలిసిపోయాయి, ప్రోగ్రామ్ ఆరంభంలో పిలిచే ఫంక్షన్‌కి కూడా కొత్త సింబల్ వెర్షన్ వచ్చింది. కాబట్టి ఆ తర్వాతి సిస్టమ్ మీద బిల్డ్ చేసిన చిన్న హలో ప్రోగ్రామ్ కూడా పాతవాటిలో నడవదు. దీనికి ఒకటే మందు, పాత సిస్టమ్ మీద బిల్డ్ చేయడం. కంటైనర్‌లో ఐదు నిమిషాల పని.

లిబ్‌కర్ల్ కూడా తీసేయండి. 20.04, 22.04, 24.04, డెబియన్ 12 అన్నింటిలో సోనేమ్ అదే, సింబల్ వెర్షన్ అదే కర్ల్ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 4. మీ ప్రోగ్రామ్ సిస్టమ్ లిబ్‌కర్ల్‌తో హాయిగా నడుస్తుంది. పైగా దానికి వచ్చే సెక్యూరిటీ అప్‌డేట్లు మీ యూజర్లకి ఉచితంగా అందుతాయి. ఒకే షరతు, పైన చెప్పిన ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ కాంటెక్స్ట్ కాల్‌బ్యాక్ మీ కోడ్‌లో వాడుతున్నారేమో గ్రెప్‌తో వెతికి చూడండి. వాడుతుంటే మీ కోడ్ 1.1 హెడర్లతో కంపైలై, సిస్టమ్ లిబ్‌కర్ల్ ఇచ్చే 3 ఆబ్జెక్ట్‌తో మాట్లాడుతుంది. అది కుదరదు.

మిగిలింది ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 1.1. ముందుగా ఆ ప్లగిన్ కంపెనీకి మెయిల్ రాయండి. 1.1.1కి ఉచిత సపోర్ట్ 2023 సెప్టెంబర్‌తో ముగిసింది, 3 విడుదలైంది 2021లో. ఇంత కాలం తర్వాత కొత్త బిల్డ్ అడగడం మీ హక్కు. నేను ఈ మాట లాంఛనంగా అనడం లేదు. మెయిల్ ఒక్కటి చాలు అనుకోని సందర్భాల్లో కూడా చాలాసార్లు కొత్త బిల్డ్ అప్పటికే సిద్ధంగా ఉంటుంది, ఎవరూ అడగక బయటికి రాదు.

వాళ్లు ఇవ్వకపోతే, ఆ రెండు ఫైళ్లనీ మీ ప్రైవేట్ డైరెక్టరీలో పెట్టి, వాటిని ఒక్క ప్లగిన్‌కే కనిపించేలా చేయాలి. ఇక్కడ రన్‌పాత్ పనికొస్తుంది. ఎల్ఫ్ ఫైల్ (లైనక్స్‌లో ప్రోగ్రామ్‌లు, లైబ్రరీలు ఉండే ఫార్మాట్) లోపలే, నాకు కావాల్సిన లైబ్రరీలని ఫలానా చోట వెతుకు అని రాసి పెట్టే సదుపాయం అది. డాలర్ ఆరిజిన్ అని రాస్తే ఆ ఫైల్ ఉన్న డైరెక్టరీ అని లోడర్ అర్థం చేసుకుంటుంది, కాబట్టి ప్యాకేజీ ఎక్కడ ఇన్‌స్టాల్ అయినా ఇబ్బంది లేదు. ప్లగిన్‌కి సోర్స్ లేకపోయినా బైనరీని మార్చే ప్యాచెల్ఫ్‌లో సెట్ ఆర్‌పాత్ ఆప్షన్ ఇచ్చి రాయొచ్చు. బైనరీ మార్చడానికి లైసెన్స్ ఒప్పుకుంటుందో లేదో మాత్రం చూసుకోండి.

రన్‌పాత్‌తో అందరూ తట్టుకుని పడే రాయి ఒకటుంది, కాస్త ఆగి చెప్తాను. పాతదైన ఆర్‌పాత్, కొత్తదైన రన్‌పాత్ రెండూ ఒకటే అనుకుంటారు. కావు. ఆర్‌పాత్‌ని లోడర్ ఎల్‌డీ లైబ్రరీ పాత్ కన్నా ముందు చూస్తుంది, అది ఆ ఫైల్ తెచ్చే లైబ్రరీలకీ, అవి తెచ్చే లైబ్రరీలకీ కూడా వర్తిస్తుంది. రన్‌పాత్‌ని ఎల్‌డీ లైబ్రరీ పాత్ తర్వాత చూస్తుంది, పైగా అది ఆ ఫైల్ నేరుగా అడిగిన లైబ్రరీలకి మాత్రమే వర్తిస్తుంది. మీ విషయంలో అర్థం ఇది: ప్లగిన్ నేరుగా లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్.ఎస్‌ఓ.1.1ని అడుగుతుంది, ప్లగిన్ రన్‌పాత్ వల్ల అది దొరుకుతుంది. ఆ లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్ లిబ్‌క్రిప్టో.ఎస్‌ఓ.1.1ని అడుగుతుంది. ఇప్పుడు లోడర్ చూసేది లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్ సొంత రన్‌పాత్‌ని, ప్లగిన్‌ది కాదు. అది ఖాళీగా ఉంటే, ఫైల్ పక్కనే ఉన్నా దొరకలేదని ఎర్రర్ రావచ్చు. ప్లగిన్ కూడా నేరుగా లిబ్‌క్రిప్టోని అడిగే పక్షంలో ఒక్కోసారి అదృష్టం కొద్దీ నడుస్తుంది, అదృష్టం మీద ప్యాకేజీ కట్టకండి. మీరు మోసే ప్రతి లైబ్రరీకీ డాలర్ ఆరిజిన్ అని రన్‌పాత్ రాయండి.

మేక్‌ఫైల్ నుంచి దీన్ని లింకర్‌కి ఇచ్చేవాళ్లకి ఇంకో జాగ్రత్త. మేక్‌ఫైల్‌లో ఒక్క డాలర్ గుర్తు పెడితే మేక్ దాన్ని, దాని పక్కనున్న ఒక్క అక్షరాన్ని కలిపి తన వేరియబుల్ అనుకుని మింగేస్తుంది. రెండు డాలర్ గుర్తులు పెట్టి, షెల్ ముట్టుకోకుండా మొత్తాన్ని సింగిల్ కోట్స్‌లో ఉంచాలి. ఎల్ఫ్ ఫైల్ లోపలి వివరాలు చూపించే రీడ్‌ఎల్ఫ్‌కి మైనస్ డీ ఇచ్చి చూసినప్పుడు రన్‌పాత్ దగ్గర మొదటి అక్షరం లేని ఆరిజిన్ కనిపిస్తే జరిగింది ఇదేనని తెలుసుకోండి.

ప్లగిన్ ఫైల్‌ని ముట్టుకోకూడదు అని లైసెన్స్ అంటే ఇంకో దారి ఉంది. ఒకే సోనేమ్ ఒక ప్రాసెస్‌లో రెండోసారి లోడ్ కాదు అని పైన చెప్పాను కదా, మీ డ్రైవర్‌ని పాడుచేసిన ఆ గుణాన్నే ఇక్కడ మనకి పనికొచ్చేలా వాడుకోవచ్చు. ప్లగిన్ లోడ్ చేసే ముందు మీ ప్రోగ్రామే పూర్తి పాత్ ఇచ్చి, ముందు లిబ్‌క్రిప్టోని, తర్వాత లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్‌ని డీఎల్‌ఓపెన్ (నడుస్తుండగా లైబ్రరీని లోడ్ చేసే ఫంక్షన్) చేయాలి. ఆ తర్వాత ప్లగిన్‌ని లోడ్ చేస్తే, దానికి కావాల్సిన సోనేమ్‌లు మెమరీలో ఉన్నాయి కాబట్టి లోడర్ వెతుకులాటకే వెళ్లదు.

ఇక ప్రాసెస్ లోపలి గొడవ. మీ ప్రోగ్రామ్ సిస్టమ్ లిబ్‌కర్ల్ ద్వారా ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 3ని తెచ్చుకుంది, ప్లగిన్ 1.1ని తెచ్చుకుంది. రెండింట్లోనూ ఒకే పేరుతో వందల ఫంక్షన్లు ఉన్నాయి. ఎల్ఫ్‌లో సింబల్ వెతికే పద్ధతి ఏమిటంటే, ముందు ప్రధాన ప్రోగ్రామ్, దాని లైబ్రరీలు ఉండే గ్లోబల్ స్కోప్‌లో చూస్తుంది, అక్కడ ముందు దొరికిందే ఖాయం. ఆ లెక్కన ప్లగిన్ పిలుపులు కూడా 3కే వెళ్లాలి, వెళ్తే ఒకే ఒరలో రెండు కత్తుల పరిస్థితే. మిమ్మల్ని కాపాడేది సింబల్ వెర్షనింగ్. 1.1లో సింబల్స్‌కి ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 1.1.0 అనే ముద్ర ఉంటుంది, 3లో 3.0.0 అనే ముద్ర ఉంటుంది, లోడర్ పేరుతో పాటు ముద్ర కూడా సరిపోల్చుతుంది. కాబట్టి ఎవరి పిలుపు వాళ్ల లైబ్రరీకే చేరుతుంది.

కానీ ఇది మీ ప్లగిన్‌లో ఆ ముద్రలు నమోదై ఉంటేనే. ముద్రలు లేని ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ బిల్డ్‌తో ఆ కంపెనీ లింక్ చేసి ఉంటే, ప్లగిన్ పిలుపులు తిన్నగా 3 ఒడిలో పడతాయి. రీడ్‌ఎల్ఫ్‌కి పెద్ద వీ ఆప్షన్ ఇచ్చి ప్లగిన్‌ని చూడండి. వెర్షన్ నీడ్స్ భాగంలో లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్.ఎస్‌ఓ.1.1 కింద ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 1.1.0 కనిపించాలి. ఆ తర్వాత నిర్ధారణ కోసం ఎల్‌డీ డీబగ్ వేరియబుల్‌కి బైండింగ్స్ అనే విలువ ఇచ్చి ప్రోగ్రామ్ నడిపి, వచ్చే అవుట్‌పుట్‌లో ప్లగిన్ పేరున్న లైన్లు వేరు చేయండి. ప్రతి లైన్‌లో ఏ ఫైల్‌లోని పిలుపు ఏ ఫైల్‌కి ముడిపడింది, ఏ సింబల్, ఏ వెర్షన్ అన్నీ ఉంటాయి. ఈ ఒక్క అవుట్‌పుట్ చదవడం వస్తే లైబ్రరీ గొడవల్లో ఊహలతో పని ఉండదు.

ముద్రలు లేవని తేలితే? డీఎల్‌ఓపెన్‌లో లోకల్ ఫ్లాగ్ ఇస్తే సరిపోతుందని చాలామంది అంటారు, సరిపోదు. ఆ ఫ్లాగ్ ప్లగిన్ సింబల్స్ బయటికి పోకుండా ఆపుతుందే గానీ, ప్లగిన్ ముందుగా గ్లోబల్ స్కోప్‌లో వెతకడాన్ని ఆపదు. డీప్‌బైండ్ ఫ్లాగ్ ఆపుతుంది, కానీ వేరే మాలాక్ (మెమరీ కేటాయించే ఫంక్షన్) వాడే ప్రోగ్రామ్‌లలో చిక్కులు తెస్తుంది, మెమరీ తప్పులు పట్టే అడ్రస్ శానిటైజర్ అసలు ఒప్పుకోదు. డీఎల్‌ఎమ్‌ఓపెన్‌తో వేరే నేమ్‌స్పేస్‌లో లోడ్ చేయొచ్చు, అప్పుడు ప్లగిన్‌కి లిబ్‌సీతో సహా అన్నీ వేరే కాపీలు వస్తాయి. ఒక పక్క మాలాక్ చేసింది ఇంకో పక్క ఫ్రీ చేస్తే కూలుతుంది, డీబగ్గర్‌తో కుస్తీ వేరే. నా సలహా సూటిగా చెప్తాను: ఆ ప్లగిన్‌ని చిన్న హెల్పర్ ప్రోగ్రామ్‌లో పెట్టి, వేరే ప్రాసెస్‌గా నడిపి, సాకెట్ మీదుగా మాట్లాడండి. రెండు మూడు రోజుల పని ఎక్కువ పడొచ్చు. కానీ రెండు ప్రాసెస్‌ల మధ్య సింబల్స్ కలవడమన్నదే ఉండదు, ప్లగిన్ కూలినా మీ అప్లికేషన్ నిలబడుతుంది, సపోర్ట్ లేని ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌ని యూజర్ డాక్యుమెంట్లకి దూరంగా కట్టడి చేయొచ్చు కూడా. ముద్రలు సరిగ్గా ఉన్నా నేనైతే ఇదే చేస్తాను.

లైబ్రరీ ఫైల్ ఒక్కటే కాదు, అది చదివే కాన్ఫిగ్ ఫైళ్లు కూడా గొడవ పడతాయని మర్చిపోకండి. ఉబుంటు నుంచి తెచ్చిన 1.1 కాపీ, సిస్టమ్‌లో ఉన్న ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ కాన్ఫిగ్ ఫైల్‌నే చదువుతుంది. 22.04లో ఆ ఫైల్ 3 కోసం రాసింది, అందులో ప్రొవైడర్స్ అనే సెక్షన్ ఉంటుంది. అదేమిటో తెలియని 1.1 దాన్ని లోడ్ చేయాల్సిన మాడ్యూల్ అనుకుని లిబ్‌ప్రొవైడర్స్.ఎస్‌ఓ అనే లేని ఫైల్ కోసం వెతికి ఎర్రర్ ఇస్తుంది. ఆ ఎర్రర్ చూసి లిబ్‌ప్రొవైడర్స్ ప్యాకేజీ కోసం గంటలు వెతికినవాళ్లు ఉన్నారు. అందుకని వేరే చోటి నుంచి కాపీ చేయకుండా, 1.1.1డబ్ల్యూ సోర్స్ తీసుకుని, ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ డైరెక్టరీ మీ ఆప్ట్ పాత్ కిందకి వచ్చేలా కాన్ఫిగర్ చేసి మీరే బిల్డ్ చేయండి. అప్పుడు సర్టిఫికెట్ల చోటు కూడా మారుతుంది కాబట్టి, దాన్ని సిస్టమ్ సర్టిఫికెట్ల డైరెక్టరీకి లింక్ చేయడం మరవద్దు, లేకపోతే ప్రతి కనెక్షన్ వెరిఫికేషన్ దగ్గర ఆగిపోతుంది.

సిస్టమ్ మొత్తానికి లైబ్రరీల చోట్లు చెప్పే ఎల్‌డీ.ఎస్‌ఓ.కాన్ఫ్.డీ లో మీ డైరెక్టరీ పేరు రాసిన ఫైల్ పడేసి ఎల్‌డీకాన్ఫిగ్ నడపమనే సలహా కూడా మీకు ఎదురవుతుంది. అది కొరివితో తల గోక్కోవడమే. మీ ఒక్క అప్లికేషన్ కోసం సిస్టమ్ మొత్తానికి మీ లైబ్రరీలు చూపించినట్టవుతుంది.

ప్యాకేజీ మెటాడేటా సంగతి. డెబ్ కట్టేటప్పుడు డీహెచ్ మేక్‌ష్‌లిబ్స్ అనే సాధనానికి మీ ప్రైవేట్ డైరెక్టరీని పెద్ద ఎక్స్ ఆప్షన్‌తో మినహాయించండి, డీహెచ్ ష్‌లిబ్‌డెప్స్‌కి చిన్న ఎల్ ఆప్షన్‌తో అదే డైరెక్టరీని చూపించండి. లేకపోతే 1.1 దొరకలేదని బిల్డే ఆగుతుంది. ముందు ముందు రెడ్ హ్యాట్ తరహా సిస్టమ్‌ల ప్యాకేజీ అయిన ఆర్‌పీఎమ్ కూడా ఇవ్వాలనుకుంటే ఇది ఇంకా ముఖ్యం. ఆర్‌పీఎమ్ మీ ప్యాకేజీలోని ప్రతి లైబ్రరీ సోనేమ్‌ని తనంతట తానే ప్రొవైడ్స్‌లో చేర్చేస్తుంది. అంటే లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్.ఎస్‌ఓ.1.1 కావాలన్న వేరే ప్రోగ్రామ్ కోసం అక్కడి ఇన్‌స్టాలర్ డీఎన్‌ఎఫ్ మీ అప్లికేషన్‌ని ఇన్‌స్టాల్ చేయగలదు, ఆ ప్రోగ్రామ్‌కి మాత్రం మీ ప్రైవేట్ డైరెక్టరీ కనిపించదు. స్పెక్ ఫైల్‌లో ప్రొవైడ్స్ ఎక్స్‌క్లూడ్ ఫ్రమ్, రిక్వైర్స్ ఎక్స్‌క్లూడ్ మాక్రోలు రెండూ పెట్టండి. మొదటిది ఒక్కటే పెడితే మీ ప్యాకేజీ తన లైబ్రరీ కోసం తనే బయట వెతుక్కుంటుంది.

లైబ్రరీ మోస్తున్నామంటే దాని సెక్యూరిటీ బాధ్యత కూడా మోస్తున్నట్టే. 2023 సెప్టెంబర్‌లో వెబ్‌పీ చిత్రాలు చదివే లిబ్‌వెబ్‌పీలో సీవీఈ-2023-4863 అనే భద్రతా లోపం బయటపడినప్పుడు సిస్టమ్ లైబ్రరీ వాడిన ప్రోగ్రామ్‌లన్నీ ఒక్క అప్‌డేట్‌తో బాగుపడ్డాయి. సొంత కాపీ మోసిన ప్రతి అప్లికేషన్ మాత్రం విడిగా కొత్త విడుదల చేయాల్సి వచ్చింది. మీరు మోసే ప్రతి లైబ్రరీ పేరు, వెర్షన్, ఎందుకు మోస్తున్నారో రిపాజిటరీలో ఒక ఫైల్‌లో రాసి ఉంచండి, వాటి సెక్యూరిటీ ప్రకటనలకి చందాదారుగా చేరండి.

అప్లికేషన్లని వేరే పద్ధతిలో ప్యాక్ చేసే ఫ్లాట్‌పాక్‌కో నిక్స్‌కో మారితే ఇదంతా తప్పుతుందా అని కింద ఒకరు అడిగారు. డిస్క్ మీది గొడవ, లోడర్ గొడవ చాలావరకు తప్పుతాయి. నిక్స్‌లో ప్రతి ప్యాకేజీకీ హాష్‌తో వేరే డైరెక్టరీ ఉంటుంది, ప్రతి బైనరీలో పూర్తి పాత్ రాసి ఉంటుంది. ప్రాసెస్ లోపలి గొడవ మాత్రం అక్కడా అలాగే ఉంటుంది, ఎందుకంటే అది ఎల్ఫ్ స్వభావం, ప్యాకేజీ ఫార్మాట్‌ది కాదు.

అన్నీ మార్చాక పరీక్ష మీ బిల్డ్ మెషీన్‌లో చేయకండి, అక్కడ లేనిదంటూ ఉండదు. మూడు టార్గెట్లకీ అప్పుడే ఇన్‌స్టాల్ చేసిన వర్చువల్ మెషీన్లు పెట్టుకోండి. గ్రాఫిక్స్ కోసం కనీసం ఒక నిజమైన మెషీన్ కూడా కావాలి. తెలియని బైనరీల మీద ఎల్‌డీడీ (ఏ లైబ్రరీలు కావాలో చూపించే సాధనం) నడపకండి, కొన్ని సందర్భాల్లో అది ఆ ప్రోగ్రామ్‌నే నడిపేస్తుంది. రీడ్‌ఎల్ఫ్ గానీ, పాక్స్ యుటిల్స్‌లో వచ్చే ఎల్‌డీడీ ట్రీ గానీ వాడండి. ప్రోగ్రామ్ నడుస్తుండగా ప్రాక్ కింద దాని మ్యాప్స్ ఫైల్ తెరిస్తే, ఏ లైబ్రరీ ఏ పాత్ నుంచి వచ్చిందో అక్కడ కనిపిస్తుంది. మీ ఆప్ట్ డైరెక్టరీ నుంచి ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ రెండు ఫైళ్లూ, ప్లగిన్ తప్ప ఇంకో లైబ్రరీ వచ్చిందంటే ఏదో పాత రన్‌పాత్ మిగిలిపోయిందన్నమాట. ప్లగిన్ మీద రీడ్‌ఎల్ఫ్ పెద్ద వీ అవుట్‌పుట్ ఇక్కడ పెట్టండి, ముద్రలు ఉన్నాయో లేవో చూసి హెల్పర్ ప్రాసెస్ తప్పనిసరా కాదా చెప్తాను.